సరస్సు గట్టున వంటయిల్లు

మన యిండ్లలో ప్రయాణమన్న మాట పుట్టిన దినము మొదలు ఇల్లాలికి విశ్రాంతి యుండదు. మగవారికి ప్రయాణము బండి యెక్కిన క్షణమున మొదలగును. ఆడువారికి అది పది దినములు ముందుగనే మొదలగును. బట్టలు ఉతికి మడచుట, దారి బత్తెమునకు పులిహోర కలుపుట, పిల్లలకు చక్కిలములు వండుట, పాలవానికిని పనిమనిషికిని చెప్పుట, ఇంటి తాళము పొరుగువారికి అప్పగించుట - ఇన్నియు ముగిసి బండి యెక్కునప్పటికే ఆమె అలసి యుండును. చేరిన చోట పొయ్యి మరల ఆమెదే. అందుచేతనే మన సోదరీమణులలో పెక్కురు "ఎక్కడికి పోయినను మాకు వంటయే గదా, ఆ వంట యింటనే చేసికొందుము" అని యనుచుందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. అయినను, ఏ యేర్పాటును లేక రెండు గంటలలో బయలుదేరి, ఒక రాత్రి గుడారములో గడపి వచ్చిన మా చిన్న ప్రయాణమును గూర్చి చెప్పినచో, ఆ మాటకు మరియొక ప్రక్క గూడ గలదని చదువరులకు తోచవచ్చును.

మేము కాపురముండునది అమెరికా దేశమున మిన్నెసోటా రాష్ట్రములోని మినియాపోలిస్ నగరము. దేశపటమున ఈ రాష్ట్రము ఉత్తరపు కొసను, కెనడా సరిహద్దు నానుకొని యుండును. దీనికి పదివేల సరస్సుల నేల యని పేరు. మోటారు బండ్ల నంబరు పలకల మీద గూడ ఈ మాట వ్రాసి యుండును. ఇచ్చట చలికాలము సుదీర్ఘము, వేసవి స్వల్పము. కావున ఇచ్చటివారు వేసవిలో వచ్చు శని, ఆదివారములను కండ్ల కద్దుకొందురు. గుడారమును వంటపాత్రలును కారు వెనుక వేసికొని, ఏదో యొక సరస్సు గట్టునకు పోయి, ఒక రాత్రి అచ్చట నిదురించి వచ్చుట వారికి తరతరముల యలవాటు. పదునొకండేండ్లుగ ఈ యూర నున్నను మాకు అట్టి సందర్భము కలుగలేదు. కలుగుటకు మా అత్తగారు కారణమైరి.

మామగారు కాలము చేసిన మరుసటి సంవత్సరము ఆషాఢమాసమున మా అత్తగారు మా యొద్దకు వచ్చిరి. వారిది కొల్లేటి గట్టున నొక పల్లె. నలుబది యైదేండ్లు ఆ యింట పొయ్యి వెలిగించి, పాడి పితికి, వచ్చినవారికిని పోవువారికిని వడ్డించిన చేతులు వారివి. ఇచ్చట మూడవ అంతస్తులోని మా యింట మీట త్రిప్పిన పొయ్యి కాగును. గిన్నెలు యంత్రము కడుగును. బట్టలు యంత్రమే ఉతికి యంత్రమే ఆరబెట్టును. "మీరు కూర్చోండి, మీకెందుకీ శ్రమ" అని మేమును మావారును అనుట మర్యాద. కూర్చుండుట వారికి కష్టము. కిటికీ యొద్ద కుర్చీ వేసికొని, క్రింద పోవు కార్లను చూచుచు గంటలు గడపెడివారు. ఆరవ వారమున ఒకనాటి రాత్రి భోజనములైన తరువాత, "అబ్బాయీ, నా టిక్కెట్టు కాస్త ముందుకు జరపటానికి వీలవుతుందేమో కనుక్కో నాయనా" అని నెమ్మదిగ ననిరి. మావారు బదులు చెప్పలేదు. ఇంట లోటేమియు లేదు. ఎవరును పరుషముగ నొక మాట యనలేదు. అయినను ఆ యింటిలో తమ చోటేదియో వారికి కనబడుట లేదు. దానికి మందేమో మాకును తెలియలేదు.

ఆ మరునాడు పోలాల అమావాస్య. బిడ్డల క్షేమము గోరి మన తల్లులు కంద మొక్కను పూజించు దినము. ఈ దేశమున కంద మొక్క యెచ్చట దొరకును? మన దేశపు సరకు లమ్ము అంగడిలో దొరకిన కంద దుంపను పీట మీద నుంచి, పసుపు కొమ్ము కట్టిన తోరము చుట్టి, అత్తగారు పూజ జరిపించిరి. పూర్ణపు బూరెలు తామే వండిరి. ఆ పూట వారి మొగమున కొంత కళ గనబడినది. తెల్లవారి శనివారము. మా ఎనిమిదేండ్ల పిల్లవాడు మిగిలిన బూరె నొకటి తినుచు, "నాయనమ్మా, ఈ ఊళ్ళో నీకేం చూడాలనుంది?" అని యడిగెను. వారు కొంతసేపు ఆలోచించి, "మన కొల్లేరంత చెరువేదైనా ఉంటే చూడాలనుంది రా" అనిరి. వచ్చిన యారు వారములలో వారు నోరు తెరచి కోరిన మొదటి కోరిక యది.

మావారు వెంటనే సెల్ ఫోను తీసి వెదకిరి. రాష్ట్రపు ఉద్యానవనములలో గుడారములు వేసికొను స్థలములను జనులు నెలల ముందుగనే నిర్ణయించుకొందురు. వేసవిలో శనివారము నాటికి ఒక్కటియు మిగులదు. ఆనాడు ఎవరో తమ స్థలమును రద్దు చేసికొనినందున, సుపీరియరు సరస్సు గట్టున స్ప్లిట్ రాక్ అను చోట ఒక రాత్రికి ఒక చోటు దొరకినది. పాడ్యమినాడు ప్రయాణమేమిటని అత్తగారు ఒక్క క్షణము సందేహించిరి గాని, శనివారము తూర్పునకే గాని ఉత్తరమునకు శూల లేదని తామే సమాధానము చెప్పుకొనిరి. క్రింది యింటివారు తమ గుడారమును ఎరువిచ్చిరి. ఇంటనున్న దుప్పట్లన్నియు చుట్టితిమి. ఒక దళసరి గిన్నె, ఒక గరిటె, ఐదు పళ్ళెములు, బియ్యము, పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర, నేయి, ఒక సీసా ఆవకాయ, మిగిలిన బూరెలు - ఇంతియే సామాను. అత్తగారు తమ పూజ సంచిని విడువక చేత బట్టుకొనిరి. పది గంటలు కొట్టునప్పటికి మా కారు ఉత్తరపు దారి బట్టినది.

అచ్చటికి ఇంచుమించు 200 మైళ్ళు. డులూత్ పట్టణము సమీపించునప్పుడు దారి యొక కొండ మీదికి ఎక్కి, మరల దిగును. ఆ దిగుడు మొదట సరస్సు ఒక్కసారిగ కన్నులకు కట్టును. అవతలి గట్టు లేదు. నీరు ఆకాశమును తాకుచుండును. "ఇది చెరువంటారేమిటి, సముద్రమైతే!" అని అత్తగారు నివ్వెరపోయిరి. వారి మాట అతిశయోక్తి గాదు. మంచినీటి సరస్సులలో వైశాల్యము చేత ప్రపంచమున కెల్ల పెద్దది సుపీరియరు. దాని వైశాల్యము 82,100 చదరపు కిలోమీటర్లు; అనగా నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో సగము నేల నీట మునిగినట్లు. మన కొల్లేటి అభయారణ్యము 308 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైన చోట సుపీరియరు లోతు 406 మీటర్లు. భూమి మీది సరస్సులలోను నదులలోను గల మంచినీటిలో ఇంచుమించు పదవ వంతు ఈ యొక్క సరస్సులోనే కలదు. సుమారు పదివేల యేండ్ల క్రిందట వెనుకకు తగ్గిన మహా హిమరాసులు తొలిచి విడిచిన గుంట యిది. ఈ తీరమున పూర్వము నుండి వసించు ఓజిబ్వే జాతివారు దీనిని గిచిగమి యందురు. మహాజలమని దాని యర్థము.

డులూత్ రేవు వాకిట నొక యినుప వంతెన కలదు. 1905లో కట్టిన దానిని 1930 నాటికి, ఓడ వచ్చినప్పుడు వంతెన యంతయు పైకి లేచునట్లు మార్చిరి. మేము పోయిన వేళకు ఇనుప ఖనిజమును మోయు ఓడ యొకటి దాని క్రింద దాటుచుండెను. ఈ సరస్సులో వేయి యడుగుల పొడవుగల ఓడలు గూడ తిరుగును. పిల్లలు ఓడను చూచుచుండగా అత్తగారు గట్టు దిగి, నీటిలో చేయి ముంచి, వేలి కొసను నాలుకకు రాచుకొనిరి. "ఉప్పు లేదమ్మాయీ, తియ్యని నీళ్ళే!" అని మాతో ననిరి. చేయి మాత్రము వెంటనే చీర చెంగున తుడుచుకొనిరి; శ్రావణమాసమున గూడ ఆ నీరు మంచు వలె జివ్వుమనును.

దారిలో నొక చిన్న అంగడి యెదుట ఆగితిమి. అచ్చట కాగితపు సంచులలో నల్లని పొడుగైన గింజలు అమ్ముచుండిరి. అత్తగారు దోసిట బోసికొని, "ఇదేమి ధాన్యము?" అని యడిగిరి. ఇది ఈ దేశపు సరస్సులలో తానై పండు అడవి బియ్యము. ఓజిబ్వే వారు దీనిని మనోమిన్ అందురు. లోతు తక్కువైన నీటిలో ఆగష్టు, సెప్టెంబరు నెలలలో గింజ పండును. అప్పుడు ఇరువురు చిన్న పడవ యెక్కి, ఒకరు గడకఱ్ఱతో పడవను త్రోయుచుండ, మరియొకరు రెండు కఱ్ఱలతో కంకులను పడవలోనికి వంచి మెల్లగ తట్టుదురు. గింజలు కొన్ని పడవలో పడును, కొన్ని నీట రాలి మరుసటి యేటికి విత్తనమగును. తెచ్చిన గింజను వేచి, త్రొక్కి పొట్టు విడిపించి, బూర్జ చెట్టు బెరడుతో జేసిన పళ్ళెములలో చెరుగుదురు. పూర్వము ఈ పని యంతయు ఎక్కువగా స్త్రీలదే. 1977 నుండి ఇది ఈ రాష్ట్రమునకు అధికారపూర్వకమైన ధాన్యము.

మేమిది చెప్పుచుండగనే అత్తగారు, "అయితే ఇది నివ్వరి! మంత్రపుష్పములో నీవారమని వినటమే గాని కంటితో చూచుట ఇదే" అనిరి. మన నివ్వరియు, ఈ మనోమినును ఒకే మొక్క గావు. అయినను రెండును వరి కుటుంబములోనివే, రెండును దున్నక చల్లక నీట పండునవే. మునులు నివ్వరి తిని బ్రతికిరని మనము చదివితిమి. ఇచ్చట ఒక జాతి యంతయు దానిచే బ్రతికినది. వేయుట, త్రొక్కుట, చెరుగుట యను మూడు మాటలు వినగనే, చూడని ఆ స్త్రీలు అత్తగారికి ఇరుగుపొరుగువారైరి. అర్ధ కిలో గింజలు కొంటిమి.

స్ప్లిట్ రాక్ చేరునప్పటికి మధ్యాహ్నము మూడు గంటలైనది. అచ్చట 130 అడుగుల నిట్రమైన కొండకొమ్మున దీపస్తంభ మొకటి కలదు. 1905 నవంబరులో వచ్చిన పెనుగాలి యీ తీరమున అనేక నౌకలను దెబ్బ తీసినందున, 1910లో దీనిని వెలిగించిరి. 1924లో బాట పడువరకు అచ్చటికి నీటి దారియే గతి. బియ్యపు బస్తా వంటి బరువులన్నియు పడవలో వచ్చి కొండ మీదికి లాగబడవలసినదే. దీపము కాచు ఉద్యోగుల కుటుంబములును అచ్చట కాపురముండెడివి. ఆ యిండ్ల వంటగదులను నేడును చూపుదురు. 1969లో ఈ దీపమును విరమింపజేసిరి. అయినను ఏటేట నవంబరు 10వ తేదీని మరల వెలిగింతురు; 1975లో ఆ దినముననే ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అను ఓడ యీ సరస్సులో మునిగి 29 మంది మరణించిరి. వారి జ్ఞాపకార్థమై దీపము పెట్టి, వారి పేర్లు చదువుదురు. ఇంచుమించుగ మన కార్తికమాసపు దినములవి. "ఆకాశదీపమన్న మాట" అని అత్తగారు చేతులు జోడించిరి.

గుడారపు స్థలమునకు కారు పోదు. కారును ఒకచోట విడిచి, అచ్చటివారిచ్చు తోపుడుబండిలో సామాను వేసికొని, చెట్ల నడుమ బాటను త్రోసికొని పోవలెను. మావారు బండి త్రోయుచుండ, పిల్లలు చెరియొక ప్రక్క పట్టుకొనిరి. స్థలమున నొక బల్ల, నిప్పు చేయుటకు ఇనుప కట్టు, దాని మీద నొక యినుప జాలి కలవు. కట్టెలు ఇంటి నుండి తేరాదని యిచ్చట నియమము. ఆ ప్రాంతమున అమ్మునవే కొనవలెను. ఏలయన, యాష్ అను జాతి చెట్లను తొలిచి చంపు పచ్చని మెరుపు పురుగొకటి ఆసియా ఖండము నుండి సరకుల పెట్టెలతో వచ్చి, 2002లో మిషిగన్ రాష్ట్రమున కనబడి, 2009 నాటికి మిన్నెసోటా చేరినది. కట్టెలలో దాగి యది ఊరూర వ్యాపించును. ఒక మోపు కట్టె ఒక యడవిని చంపగలదు.

కొనిన కట్టెలు సరస్సు మంచునకు చెమర్చి యుండెను. మావారు అరడజను అగ్గిపుల్లలు గీచిరి. పొగయే గాని మంట లేదు. అంతవరకు బల్ల మీద కూర్చుండిన అత్తగారు లేచి, "ఇలా తేండి" అనిరి. కత్తితో నొక కట్టెను సన్నని పేళ్ళుగ చీల్చిరి. వానిని గాలి యాడునట్లు గూడు గట్టిరి. పూజ సంచి విప్పి, రెండు దూది యొత్తులు నేతిలో ముంచి అడుగున బెట్టి, కర్పూరపు బిళ్ళ నొకటి చేర్చి ఒక్క పుల్ల గీచిరి. మంట లేచినది. పిమ్మట పాత బూడిదను నీట దడిపి గిన్నె వెలుపల పూతబూసి పొయ్యి మీద బెట్టిరి. అట్లు పూసిన మసి సులభముగ వదలును. మా పెద్దపిల్లకు పదునాలుగేండ్లు. "నాయనమ్మా, ఇదెప్పుడు నేర్చుకున్నావు?" అని యడిగెను. "నీ ఈడున" అని వారి సమాధానము.

ఇంతవరకును వేడుక యని చదువరు లనుకొనవచ్చును. మేము చెప్పదలచినది దీని తరువాతి మాట. ఇంటియొద్ద వంటయింటికి గోడలుండును. లోపల ఏమి జరుగునో బయటివారికి తెలియదు. వేళకు పళ్ళెములో అన్నము వచ్చుట మాత్రమే తెలియును. సరస్సు గట్టున గోడలు లేవు. నీరు కావలెనన్న కొళాయి దూరమున నున్నది, ఎవరో పోవలెను. మావారు తెచ్చిన మొదటి క్యాను నీరు నివ్వరి యుడుకుటకు, రెండవది బియ్యము పప్పు కడుగుటకు, మూడవది త్రాగుటకు, నాలుగవది గిన్నెలకు చాలినవి. నాలుగవసారి వచ్చి క్యాను దింపి, "ఒక పూటకు ఇంత నీరా!" అనిరి. "ఊళ్ళో బావి నుంచి రోజుకు ఇరవై బిందెలు తెచ్చేదాన్ని నాయనా, నీకు గుర్తు లేదూ?" అని అత్తగారు నవ్విరి. వారు నిష్ఠూరముగ ననలేదు. అయినను ఆ నలుబది యైదేండ్ల బిందెలన్నియు ఆ క్షణమున మావారి యెదుట వచ్చి నిలిచినట్లు మాకు తోచినది. కొడుకు చదువునకు పోవు బాట ప్రక్కనే ఆ బావి. ప్రతిదినము చూచినదే, లెక్క పెట్టనిది.

నివ్వరి గింజ ఉడుకుటకు ముప్పావు గంట పట్టును. అది చిట్లి తెల్లని కడుపు కనబడిన పిదప బియ్యము, పెసరపప్పు, మిరియాలు, జీలకర్ర వేసి పులగము వండితిమి. పిల్లవాడు పేళ్ళందించెను; పిల్ల కలియబెట్టెను. పనియంతయు కన్నుల ముందర జరుగుచుండినందున చేయి పెట్టకుండుట ఎవరికిని సాధ్యము కాలేదు. నేయి, ఆవకాయతో ఆ పులగము తినునప్పుడు "బాగున్నది" అన్న మాట ముందుగ వచ్చినది పిల్లల నోటినుండి. ఇంటియొద్ద ఆ మాట వినుట అరుదు. తాము మోసిన నీరు, తాము పెట్టిన మంట అందులో నుండుటయే దానికి కారణము గావలెను. గిన్నెలు తోముట మావారును పిల్లవాడును జూచుకొనిరి. సరస్సులో సబ్బు కలుపరాదు గావున నీటిని దూరముగ దెచ్చుకొని కడుగవలెను. ఆ శ్రమయు వారికి తెలిసినది. ఆ యడవిలో నల్ల యెలుగుబంట్లు గలవు. వాసనకు రాకుండుటకై మిగిలిన తిండి యంతయు రాత్రికి కారులో బెట్టి తాళము వేయవలెను. తండ్రి కొడుకులు దీపము బట్టుకొని తోపుడుబండి త్రోసికొని పోయిరి.

ఆ రాత్రి చంద్రుడు లేడు. పాలవెల్లి సరస్సు మీదికి వంగి యుండెను. ఉత్తరమున ధ్రువనక్షత్రమును జూచి అత్తగారు, "ఇదేమిటి, ఇంత పైకెక్కినాడు!" అని యాశ్చర్యపడిరి. కొల్లేటి గట్టున ధ్రువుడు దిగంతమునకు పదునారు, పదునేడు డిగ్రీల యెత్తున, తాటిచెట్ల తలల యొద్ద నుండును. ఇచ్చట నలుబది యేడు డిగ్రీలు. ఉత్తరమునకు పోయినకొలది ధ్రువుడు పైకి లేచును. మరియొక విశేషము గూడ కలదు. మన దేశమున సప్తర్షులు ప్రతిదినము కొంతసేపు అస్తమింతురు. ఇంత యుత్తరమున వారు దిగంతము దాటి క్రిందికి దిగరు. రేయియంతయు ధ్రువుని చుట్టు తిరుగుచునే యుందురు. అనగా వశిష్ఠుని ప్రక్కనుండు అరుంధతికి ఇచ్చట అస్తమయము లేదు.

అత్తగారికి రెండేండ్ల క్రిందట మామగారు దగ్గరుండి కంటి శుక్లములు తీయించిరి. ఆ కన్నులతో చాలసేపు వెదకి, "అదుగో, కనబడింది" అనిరి. కొంత తడవు ఊరకుండి మరల తామే, "పెళ్ళినాడు పురోహితుడు చూడమన్నాడు. తాటితోపు మీద మబ్బు. కనబడిందా అంటే మీ మామగారు కనబడిందన్నారు, నేనూ కనబడిందన్నాను. ఇద్దరమూ చూడలేదు. ఇదుగో, ఇప్పటికి చూచినాను" అనిరి. ఎవరమును మాటలాడలేదు. సరస్సు గులకరాళ్ళ మీద అలలు వచ్చి పోవు చప్పుడు మాత్రము వినబడుచుండెను. కాలము చేసినప్పటినుండి మామగారిని గూర్చి వారు నవ్వుచు మాటలాడుట మేము వినుట అదియే మొదలు.

తెల్లవారుజామున చలి మిక్కుటమయ్యెను; ఉన్న దుప్పట్లన్నియు కప్పుకొని ఐదుగురము దగ్గరగ నొదిగితిమి. మేము లేచి చూచునప్పటికి అత్తగారు గట్టున గూర్చుండి, నీటినుండి వెడలుచున్న సూర్యునికి నమస్కరించుచుండిరి. పిల్లవాడు ఎవరును చెప్పకయే పేళ్ళు గూడు గట్టి, నేతి యొత్తి పెట్టి, అత్తగారు చూచుచుండగా కాఫీకి నీరు కాచుటకు మంట రాజేసెను. మూడవ పుల్లకు వెలిగినది. మధ్యాహ్నమునకు గుడారము విప్పి, బూడిద చల్లారునట్లు నీరు పోసి, ఒక్క కాగితపు ముక్కయు విడువక యేరి, తిరుగు దారి పట్టితిమి.

ఇంటికి వచ్చిన పిదప అన్నియు మారిపోయినవని చెప్పుట సత్యము గాదు. మీట త్రిప్పిన కాగు పొయ్యి అట్లే యున్నది; గిన్నెల యంత్రమును అట్లే యున్నది. కిటికీ యొద్ద కుర్చీ మాత్రము వంటయింటి గుమ్మము లోపలికి వచ్చినది. మా పెద్దపిల్ల శనివారము నాటి వంట నాయనమ్మయొద్ద నేర్చుకొనెదనని పట్టుబట్టినది. "నేను చెప్తాను, నువ్వు చెయ్యి" అని అత్తగారు కూర్చుండియే చేయించెడివారు. రాత్రి గిన్నెలు యంత్రములో సర్దుట తండ్రి కొడుకుల పాలు. మొదటి రెండు వారములు జ్ఞాపకము చేయవలసి వచ్చెను, పిమ్మట అక్కరలేకపోయెను. టిక్కెట్టు మాట అత్తగారు మరల నెత్తలేదు. అందు వ్రాసిన తేదీనే, ముందునకును గాక వెనుకకును గాక, కొల్లేటి గట్టునకు వెడలిరి. వారి యిల్లు అచ్చట నున్నది, పోవుట న్యాయము. కాని వచ్చిన చోట తమకు పని యుండెననియు, తెలిసినదానిని అడిగినవా రుండిరనియు ఎరిగి వెడలిరి.

పెద్దలను కూర్చుండబెట్టి సేవ చేయుట మన మర్యాద. వారికి తెలిసినదానిని అడిగి నేర్చుకొనుట అంతకంటె గొప్ప మర్యాద యని మాకు తోచుచున్నది. అట్లే, ఇంటి పనిని ఇల్లాలు పంచుకొమ్మని యడుగుట యొక యెత్తు, ఆ పని యెంతయో అందరి కన్నులకును కనబడుట యొక యెత్తు. కనబడనిదానిని ఎవరును పంచుకొనరు. ఇందులకు సుపీరియరు సరస్సే కావలెనన్న నియమము లేదు. మీ యూరి చెరువుగట్టు, ఏటి యొడ్డు, తోటలోని మామిడి నీడ యేదియైనను చాలును. పది దినముల యేర్పాటు వలదు. ఒక్క గిన్నె, ఒక్క గరిటె, పిడికెడు బియ్యము పప్పు తీసికొనుడు. ఎవరి పళ్ళెము వారు మోసికొని రావలెననుడు. పొయ్యి నడుమ బెట్టి, చుట్టు అందరిని కూర్చుండబెట్టి, నీరు తెచ్చు పని ఇంటి యజమానికి అప్పగింపుడు. ఆ మధ్యాహ్నము ఇల్లాలు వంటకు దూరమగునని మేము చెప్పము. వంట ఆమె యొక్కతెదే యని మాత్రము ఆ పూట యెవరికిని తోచదు.